ఇచ్చోటనే

మా ఊరు వినుకొండకు దగ్గర. కవి జాషువా 1895లో పుట్టింది వినుకొండలోనేనని పాఠ్యపుస్తకం కంటే ముందు మాకు నాన్న చెప్పాడు. నాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారు. పొద్దున్నే నూతిగట్టు దగ్గర ముఖం కడుక్కుంటూ పద్యం ఎత్తుకుంటే, అది పూర్తయ్యేదాకా చేద బావిలోకి దిగేది కాదు. అమ్మ బిందె పట్టుకుని నిలబడేది. "పద్యం అయ్యిందా, నీళ్లు తోడుకోవచ్చా" అని అడిగేది. ఆ పద్యాల్లో సగం చావు పద్యాలేనని నాకు అప్పట్లో తెలియదు.

ఆరో తరగతిలో నాన్నే మాకు తెలుగు. ఒకరోజు పాఠం పక్కన పెట్టి, నల్లబల్ల మీద జాషువా శ్మశానవాటికలోని సీసపద్యం రాశాడు.

"ఇచ్చోటనే సత్కవీంద్రుని కమ్మని కలము నిప్పులలోన గరిగిపోయె..."

నాలుగు పాదాలూ పాడి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, "ఈ పద్యంలో ఎవరెవరు చనిపోయారు?" అని అడిగాడు. కవి అన్నాడొకడు. రాజులు అన్నాడు ఇంకొకడు. ఇల్లాలు, చిత్రకారుడు అని వెనక బెంచీ నుంచి గొంతులు లేచాయి. "ఎక్కడుంది? చూపించండి" అన్నాడు నాన్న. మేం బల్ల వైపు మళ్లీ చూశాం. కలం నిప్పులో కరిగింది. రాజుల అధికార ముద్రికలు అంతరించాయి. లేత ఇల్లాలి నల్లపూసల అందం గంగలో కలిసిపోయింది. చిత్రకారుడి కుంచె నశించింది. పద్యం మొత్తం వెతికినా చనిపోయిన మనిషి ఒక్కడూ లేడు.

"మనిషి చచ్చిపోయాడంటే ఎవరికీ ఏమీ తెలియదు. వాడి కలం కరిగిపోయిందంటే తెలుస్తుంది" అన్నాడు నాన్న. గంట కొట్టారు. మేం ఆటలకు పరుగెత్తాం.

ఆ ఏడాదే మా చెల్లెలు పోయింది. 1972. దానికి ఆరేళ్లు. అసలు పేరు ఒకటుంది కానీ అందరం చిట్టి అనేవాళ్లం. నాలుగు రోజుల జ్వరం, తర్వాత మెదడువాపు అన్నారు. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లినవాళ్లు తెల్లవారుజామున బాడుగ కారులో తిరిగొచ్చారు. వెనక సీట్లో అమ్మ ఒళ్లో పడుకున్నట్టే ఉంది చిట్టి. చిన్నపిల్లలను కాల్చరు, పూడుస్తారు. ఏటి ఒడ్డున తుమ్మచెట్ల కింద చిన్న గొయ్యి తీశారు. మా చిన్నాన్న నా భుజం పట్టుకుని దూరంగా నిలబెట్టాడు. గొయ్యిలోకి దించేముందు నాన్న పాప జుట్టు సవరించాడు. నుదుటి మీద పడిన వెంట్రుకలను వేలితో చెవి వెనక్కి తోశాడు. అంతకుమించి ఆ పొద్దు నాకేమీ గుర్తులేదు.

అప్పటినుంచి మా ఇంట్లో పద్యం ఆగిపోయింది. నాన్న బడికి వెళ్లేవాడు, వచ్చేవాడు, వాక్యాలు దిద్దేవాడు. నూతిగట్టు దగ్గర మాత్రం మౌనంగా ముఖం కడుక్కుని లేచేవాడు. చేద తీసుకోవడానికి అమ్మ ఇక ఎదురుచూడవలసిన పని లేకపోయింది.

మా వైపు తిరునాళ్లంటే పద్యనాటకం ఉండాల్సిందే. కోటప్పకొండకు ప్రభలు కట్టే ఊళ్లలో మాదీ ఒకటి. శివరాత్రి వెళ్లిన కొద్దిరోజులకు రామాలయం ముందు పందిరి వేసి హరిశ్చంద్ర ఆడించేవారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్రీయం. డి.వి. సుబ్బారావు గారి పద్యాలు గ్రామఫోను రికార్డుల్లో విని, అదే రాగంలో పాడకపోతే ఒప్పుకోని రోజులు. కొన్ని సమాజాలు మొదటి భాగానికి ఒక హరిశ్చంద్రుణ్ణి, కాటిసీనుకు ఇంకొక హరిశ్చంద్రుణ్ణి పెట్టేవి. కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజాము మూడో నాలుగో అయ్యేది. నిద్రపోయిన పిల్లలను కూడా లేపి కూర్చోబెట్టేవారు. నాటకకర్త రాసిన పద్యాలతోపాటు జాషువా శ్మశానవాటిక పద్యాలను కూడా కాటిసీనులో పాడడం ఆనవాయితీ అయిపోయింది. నాటకం ఒకరిది, పద్యం ఒకరిది అని మా ఊళ్లో చాలామందికి తెలియదు. హరిశ్చంద్రుడే ఆ పద్యాలు చెప్పాడనుకునేవారు. ఒక కవికి అంతకంటే ఏం కావాలి!

అంతకుముందు ప్రతి ఏటా తెర వెనక ప్రాంప్టింగ్ నాన్నదే. పుస్తకం అక్కర్లేకుండానే అందించేవాడు. చిట్టి పోయాక పిలవడానికి వచ్చినవాళ్లకు "ఈ ఏడు వదిలేయండి" అన్నాడు. ఆ మాట నాలుగైదేళ్లు నడిచింది. అమ్మ మాత్రం నాటకానికి వచ్చేది. చంద్రమతి బిడ్డను భుజాన వేసుకుని కాటికి వచ్చే ఘట్టం దగ్గరపడగానే చాప చుట్టుకుని ఇంటికి వెళ్లిపోయేది. కానీ మైకు ఊరంతా వినిపిస్తుంది కదా! తలుపులు మూసినా, దుప్పటి కప్పుకున్నా, ఆ కాటిసుంకం అడిగే గొంతు ఇంట్లోకి వచ్చేది. ఒకసారి నేను మధ్యలో ఇంటికొచ్చి చూస్తే, అమ్మ వంటింట్లో చీకట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి "మంచినీళ్లు కావాలా" అంది.

నేను ఇంటర్మీడియట్ చదివే ఏడు అమ్మ లేవలేదు. ఆడవాళ్ల వైపు మూడో వరసలో, కొంగు తలమీద కప్పుకుని, పెట్రోమాక్స్ వెలుగులో అలాగే కూర్చుని ఉంది. హరిశ్చంద్రుడు జాషువా శార్దూల పద్యం ఎత్తుకున్నాడు.

"ఎన్నో యేండ్లు గతించిపోయినవి గానీ యీ శ్మశానస్థలిన్
గన్నుల్ మోడ్చిన మందభాగ్యు డొకడైనన్ లేచి రాడక్కటా!"

దాని మూడో పాదంలో "ఏ తల్లు లల్లాడిరో" అన్న మాట ఉంది. ఆ మాట దగ్గర నటుడు రాగం లాగాడు, ఎంతసేపు లాగాడో! మగవాళ్ల వైపు నుంచి వన్స్ మోర్ అన్నారు. మళ్లీ పాడాడు. అమ్మ రెండుసార్లూ విన్నది. కొంగు కళ్లకు అడ్డం పెట్టుకోలేదు. తర్వాత లోహితాస్యుడు బతికే ఘట్టం రాబోతుండగా, దేవతలు ప్రత్యక్షమయ్యే ముందు, లేచి చాప చుట్టింది. నేను వెనకే వెళ్లాను. దారిలో ఆమె అన్నది ఒక్కటే: "మళ్లీ పాడించారు. మంచిపని చేశారు."

నాటకంలో బిడ్డ లేచి కూర్చుంటాడు. పద్యంలో ఒక్కడూ లేచి రాడు. అమ్మకు ఓదార్పు దొరికింది పద్యంలోనే. బిడ్డ బతికినట్టు చూపే కథ ఆమెకు అక్కర్లేదు. లేచి రారని ఎవరో ఒకరు పదిమందిలో, పెద్ద గొంతుతో, రాగం తీసి చెప్పాలి. తనలాంటి తల్లులు ఎందరో అల్లాడారని చెప్పాలి. ఇది నాకు అప్పుడు తెలిసిన సంగతి కాదు. యాభై దాటాక తెలిసింది.

మర్నాడు పొద్దున నాన్న నూతిగట్టు దగ్గర కూనిరాగం తీశాడు. మాటలు లేవు, రాగమే. అమ్మ బిందె పట్టుకుని నిలబడింది.

ఆ తర్వాత సాయంత్రాలు నాన్న నాకు చాటువులు చెప్పేవాడు. పరీక్షల కోసం కాదు. శ్రీనాథుడి చివరిరోజుల పద్యాలంటే ఆయనకు ప్రాణం. కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో పొలం గుత్తకు తీసుకుని, పంట పోయి, ఏడునూర్ల టంకాల పన్ను కట్టలేక ఎదురెండలో నిలబడ్డ కవిసార్వభౌముడు. సాంప్రదాయంగా ఆయనవని చెప్పుకునే ఆ పద్యాల్లోనూ ఇదే పద్ధతి. శిక్షగా వేసిన పొగడదండ కవిరాజు కంఠాన్ని కౌగిలించిందట, సార్వభౌముడి భుజం మీదికి నల్లగుండు ఎక్కిందట. మెడ, భుజం, పాదం, ముంజేయి. ఒక్కో అవయవం పేరు పెట్టి, దానికి ఒకప్పుడు దక్కిన గౌరవం ఇదీ, ఇప్పుడు దాని మీద ఉన్న బరువు ఇదీ అని చూపిస్తాడు. చివరికి "దివిజకవివరు గుండియల్ దిగ్గురనగ" అమరపురికి బయలుదేరుతాడు. తన చావుకు తానే పద్యం చెప్పుకుని, అందులోనూ తల వంచకుండా వెళ్లిన మనిషి. నాన్న ఆ చివరి పాదం చదివేటప్పుడు కూర్చున్నవాడు నిటారుగా అయ్యేవాడు.

పెద్దన పద్యం దగ్గర మాత్రం గొంతు తగ్గేది. కృష్ణదేవరాయలు 1529లో పోయాడు. పెద్దన ఇంకా బతికే ఉన్నాడు. ఎదురైతే రాయలు తన ఏనుగును ఆపి, చెయ్యి ఆసరా ఇచ్చి ఎక్కించుకున్నాడు. మనుచరిత్ర అందుకున్న వేళ పల్లకిని తన చేత్తో పట్టి ఎత్తాడు. గండపెండేరం తానే పాదానికి తొడిగాడు. అడిగిన సీమల్లో అగ్రహారాలు ఇచ్చాడు. ఆంధ్రకవితాపితామహా అని పిలిచాడు. ఆ రాయలతో దివికి పోలేక "బ్రదికియున్నాడ జీవచ్ఛవంబ నగుచు" అంటాడు పెద్దన.

"సామ్రాజ్యం సంగతి ఒక్క ముక్క ఎత్తాడా, చూడు" అనేవాడు నాన్న. "రాయచూరు గెలిచాడనీ, కటకం దాకా వెళ్లాడనీ అన్నాడా? ఏనుగు మీదికి ఎక్కించడానికి చెయ్యి ఇచ్చాడన్నాడు. ముసలాయనకు గుర్తున్నది ఆ చెయ్యి." అలా అంటూ తన అరచేతిని తిప్పి చూసుకునేవాడు. సుద్దపొడి గీతల్లో ఇంకిపోయిన చెయ్యి.

భారతంలో స్త్రీపర్వం ఉన్నదే ఇందుకు అని కూడా ఆయనే చెప్పాడు. పద్దెనిమిది రోజుల యుద్ధాన్ని అన్ని పర్వాల్లో చెప్పి, వ్యాసుడు ఆడవాళ్లను యుద్ధభూమికి తీసుకొస్తాడు. దివ్యదృష్టితో గాంధారి ఒక్కొక్క శవాన్నీ కృష్ణుడికి చూపిస్తుంది. భూరిశ్రవుడి చెయ్యి వేరే పడి ఉంది, సాత్యకిని చంపబోతుంటే అర్జునుడు నరికిన చెయ్యి. అతని భార్య దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఇది నా మొలనూలు లాగిన చెయ్యి, ఇది వేల గోవులను దానమిచ్చిన చెయ్యి అని ఏడుస్తుంది. శోకంలో శృంగారం ఎలా ఇముడుతుందో చెప్పడానికి ఆలంకారికులు ఆ శ్లోకాన్నే ఉదాహరిస్తారు. నాకు మాత్రం అలంకారశాస్త్రం కంటే ఒళ్లో ఉన్న ఆ చెయ్యే కనిపిస్తుంది. ఎవరికైనా అంతే. దుఃఖానికి పట్టుకోవడానికి ఏదో ఒకటి చేతికి అందాలి. మరణం అంత పెద్దది చేతికి అందదు. కలం అందుతుంది, నల్లపూస అందుతుంది, చెయ్యి అందుతుంది.

ఉద్యోగం వచ్చి హైదరాబాదులో ఉన్న రోజుల్లో నా గదిలో ఇద్దరం ఉండేవాళ్లం. నా స్నేహితుడు కవిత్వం రాసేవాడు, అచ్చుకు పంపేవాడు కాదు. ముప్ఫై రెండేళ్లకు పోయాడు. ఎలా పోయాడన్నది ఇక్కడ రాయను, వాళ్లింట్లోవాళ్లు ఉన్నారు. అంత్యక్రియలు వాళ్ల ఊళ్లో అయ్యాయి. రాత్రి బస్సెక్కి, పొద్దున్నే దిగి, స్నానం చేసి, పదిన్నరకు ఆఫీసులో కూర్చున్నాను. ఫైళ్లు వచ్చాయి. టీ వచ్చింది. పక్క సీటాయన క్రికెట్ స్కోరు అడిగాడు. అప్పుడు నాకు శ్రీశ్రీ గుర్తొచ్చాడు. చనిపోయిన స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావు కోసం రాసిన గీతంలో, నువ్వు పోతే ఆకాశం పడిపోలేదు, ఆఫీసులకు సెలవు లేదు అంటాడు. కాలేజీలో అది చదివి గొప్ప వ్యంగ్యమనుకున్నాను. ఆ పొద్దున నాకది వ్యంగ్యంలా లేదు. ఉన్నదున్నట్టు చెప్పిన మాట.

కొంపెల్ల 1937లో క్షయతో పోయాడు. మహాప్రస్థానం పుస్తకంగా 1950లో వచ్చింది. ఆ పుస్తకం ఆయనకే అంకితం. తెలుగుదేశాన్ని కుదిపేసిన ఆ పుస్తకం తెరిస్తే ముందు వినపడేది మరో ప్రపంచం పిలుపు కాదు, "తలవంచుకు వెళిపోయావా, నేస్తం" అన్న పలకరింపు. "వెళ్లిపోయాడు" అనలేదు, "వెళిపోయావా" అన్నాడు. ఎదురుగా నిలబెట్టి అడుగుతున్నాడు. ఎంత అన్యాయం చేశావోయ్ అని కోప్పడతాడు కూడా. చనిపోయినవాడి మీద కోపం తెచ్చుకోవచ్చని నాకు చెప్పింది ఆ గీతమే. ఆ రాత్రి గదిలో, ఖాళీ మంచం వైపు తిరిగి, నా స్నేహితుణ్ణి పేరుపెట్టి తిట్టాను. ఆ తర్వాత నిద్ర పట్టింది.

విశ్వనాథ భార్య పోయాక వరలక్ష్మీ త్రిశతి రాశాడు. నాయని సుబ్బారావు తల్లి కోసం మాతృగీతాలు రాశాడు. తిలక్ నడివయసులో, 1966లో పోతే "గాలి మూగదయిపోయింది, పాట బూడిదయిపోయింది" అని శ్రీశ్రీయే రాశాడు. ఇవన్నీ ఆ ఏడాది వరసగా చదివాను. గ్రంథాలయం మూసేదాకా కూర్చునేవాణ్ణి. విశ్వనాథనూ శ్రీశ్రీనీ సిద్ధాంతాల పేరుతో ఎదురెదురు నిలబెట్టి వాదించుకున్న తరం మాది. చావు దగ్గర ఇద్దరూ ఒకే గుమ్మంలో కనబడ్డారు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి, దాటవేస్తే తప్పవుతుంది. శ్మశానవాటికలో జాషువా, ఇక్కడ అస్పృశ్యతకు చోటు లేదంటాడు. పెబ్బులినీ మేకనూ పక్కపక్కన చేర్చి జోకొట్టే సమత్వం ఇక్కడ ఉందంటాడు. నాటకంలో ఆ పద్యానికి మా ఊళ్లో చప్పట్లు మోగేవి. కొట్టినవాళ్లలో మా పెద్దలందరూ ఉన్నారు. కానీ మా ఊరికి శ్మశానాలు రెండు. మా చిట్టిని పూడ్చిన ఏటి ఒడ్డు ఒకటి, అవతల గుట్ట కింద మాలమాదిగలది ఇంకొకటి. బతికినంతకాలం అంటరానితనం అనుభవించిన కవి, కనీసం చావులోనైనా అది ఉండదని ఆశపడి రాశాడు. ఆ ఆశను మేం రాగం తీసి పాడించుకుని, వన్స్ మోర్ అని, తెల్లారి ఎవరి శ్మశానానికి వాళ్లం వెళ్లాం. నాన్నతో ఒకసారి ఈ మాట అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "పాఠం చెప్పాను కానీ ఈ ప్రశ్న పిల్లల్ని అడగలేదురా. అడగవలసింది" అన్నాడు.

నాన్న 2009లో పోయాడు. డెబ్బై ఆరేళ్లు. నిద్రలోనే. నేను పొద్దున పదింటికి ఊరు చేరేసరికి వసారాలో పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టి ఉంచారు. ఎందరో వచ్చారు, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు, వాళ్ల పిల్లలు. అందరూ మంచి మాటలే చెప్పారు. నాకు కన్నీళ్లు రాలేదు. చెయ్యవలసిన పనులు చేస్తూ పోయాను.

మధ్యాహ్నం మేనత్త వచ్చింది. నాన్నకంటే ఐదేళ్లు పెద్దది. చదువు లేదు. ఆటో దిగుతూనే వీధి మొదట్లో శోకం ఎత్తుకుంది. మా చిన్నప్పుడు ఆడవాళ్లు ఇలా రాగాలు తీసి ఏడుస్తుంటే, చదువుకుంటున్న మాకు సిగ్గుగా ఉండేది. ఆ రోజు మొదటిసారి మాటలు విన్నాను.

"నా తమ్ముడా, నా తండ్రీ! సైకిలు గంట కొట్టి అక్కా అనేవాడివే, ఇక ఎవరు కొడతారురా గంట! పండక్కి జేబులో బెల్లం మిఠాయి తెచ్చేవాడివే, నీ జేబు ఏదిరా తండ్రీ! చలికాలం నా కాళ్లకు నూనె రాసిన చేతులురా, ఎవరు కట్టేశారురా నీ చేతులు!"

శవం బొటనవేళ్లను కలిపి కట్టే గుడ్డపీలికను పట్టుకుని అడుగుతోంది ఆమె. పెద్దన పద్యం అది. భూరిశ్రవుడి చెయ్యి అది. మా మేనత్త స్త్రీపర్వం వినలేదు, మనుచరిత్ర పేరు తెలియదు. ఆమెకు ఈ కట్టుబడి ఎవరు నేర్పారు? వాళ్లమ్మ. వాళ్లమ్మకు వాళ్లమ్మ. కవులు ఈ ఆడవాళ్ల దగ్గర నేర్చుకుని ఉంటారని నాకిప్పుడు గట్టి నమ్మకం. ఒక్కో వస్తువూ పేరు పెట్టి పిలిచి, పోయినవాడిని నువ్వు అని నిలదీసి, ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్లీ ఎత్తుకోవడం. ఆ ఆగిన చోట చుట్టూ ఉన్నవాళ్లందరి ఏడుపూ లేచింది. నాదీ లేచింది. గంట మాట దగ్గరే నా వల్ల కాలేదు. మా ఇంటి మలుపు తిరుగుతూ నాన్న రెండుసార్లు కొట్టేవాడు, ట్రింగ్ ట్రింగ్, మేం పుస్తకాలు తెరవడానికి.

పెద్దకర్మ రాత్రి బంధువులు వెళ్లిపోయాక అమ్మ బీరువా తెరిచి ఒక నోటుబుక్కు తెచ్చింది. అట్టమీద బడి పేరు, లోపల నాన్న దస్తూరీ. శ్మశానవాటిక మొత్తం ఉంది. శ్రీనాథుడివి, పెద్దనది, ఊళ్లో వినిపించిన తత్వాలు. మధ్యలో ఒక పేజీలో తేదీ వేసి ఉంది, 1972. సీసం మొదలుపెట్టాడు నాన్న. ఆయన పద్యం రాస్తాడని మాకెవ్వరికీ తెలియదు.

పాదాలన్నీ "ఇచ్చోటనే" అనే మొదలు. మొదటి పాదంలో కుంటుడుబిళ్ల ఉంది, వాకిట్లో చిట్టి గీసుకున్న గళ్లు ఉన్నాయి. రెండో పాదంలో ఎర్ర రిబ్బను ఉంది. మూడో పాదం "ఇచ్చోటనే" దగ్గరే ఆగిపోయింది. కింద నాలుగో పాదానికి, గీతపద్యానికి ఖాళీ వదిలి, తర్వాతి పద్యం తర్వాతి పేజీలో రాసుకున్నాడు. పద్యాన్ని ఇక్కడ ఎత్తి రాయడం నాకిష్టం లేదు. అది మా ఇంటిది. రెండో పాదంలో "ఎర్ర" అన్న మాట కింద మాత్రం పెన్సిలుతో గీత ఉంది.

అమ్మకు చదివి వినిపించాను. ముప్ఫై ఏడేళ్లు ఆమె నోట చిట్టి పేరు విన్న గుర్తు లేదు నాకు. అంతా విని కాసేపు ఊరుకుంది.

"ఎర్రది కాదు" అంది. "రిబ్బను ఆకుపచ్చది. మీ నాన్న మరిచిపోయారు."

నాకప్పుడు ఆ గీత అర్థమైంది. "మరిచిపోలేదమ్మా. పాదం 'ఇ'తో మొదలైంది. పాదం మధ్యలో దానికి జతకుదిరే అక్షరం పడాలి, అదే యతి. అక్కడ 'ఎ' చెల్లుతుంది, 'ఆ' చెల్లదు. ఎర్ర అని వేసి, అది తప్పని కింద గీత గీసుకున్నారు."

అమ్మ నోటుబుక్కు నా చేతిలోంచి తీసుకుంది. ఆమెకు చదవడం కూడబలుక్కుని వచ్చు. వేలితో ఆ మాట మీద రెండుసార్లు రుద్దింది, చెరిపేయడానికన్నట్టు.

"పద్యం కోసం కూడా మార్చలేకపోయారన్నమాట" అంది. తర్వాత నాన్న ఫొటో దగ్గర దీపంలో నూనె పోసి వచ్చి, చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

"కోటప్పకొండ తిరునాళ్లలో కొన్నాం. గాజుల కొట్టువాడు ఎర్రది ఇస్తే విసిరికొట్టింది. పచ్చదే కావాలని కింద పడి దొర్లింది. మీ నాన్న భుజాల మీద ఎక్కించుకుని..."